పశువుల పాకకు కాలువ నీళ్ళు

ఆ ఏడు కోతలు ముగిసి రోడ్ల మీద వడ్లు ఆరబోసిన రోజుల్లో మా ఆయన ట్రాక్టర్ ట్రాలీ మీది నుంచి పడ్డాడు. బస్తాల మీద నిలబడి తాడు బిగిస్తుంటే తాడు తెగిందట. నేను పరుగెత్తుకెళ్ళేసరికి వడ్ల రాశి మీదే పడుకోబెట్టి ఉంచారు. తొడ ఎముక విరిగింది. బాన్సువాడ దవాఖానలో ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. కుట్లు విప్పాక డాక్టరు ఇంటికి వెళ్ళవచ్చంటూనే, రోజూ నడక వ్యాయామం చేయించాలని, మా ఊరి గుంతల దారిలో ఆటోలో తిప్పితే కాలు కుదురుకోదని, నెలన్నర పాటు బాన్సువాడలోనే ఉండమని చెప్పాడు.

మాది వర్ని వైపు ఒక క్యాంపు. మా తాతలు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కుని స్థిరపడ్డారు. నేను ఇక్కడే పుట్టాను, ఇక్కడే పెళ్ళి చేసుకున్నాను, అయినా ఇంట్లో మాది ఇప్పటికీ అక్కడి మాటే. బాన్సువాడలో మాకు చుట్టాలెవరూ లేరు. రెండు మూడు చోట్ల గది కిరాయికి అడిగాను. మంచం మీద మనిషి అనేసరికి ఎవరూ ముందుకు రాలేదు. దవాఖానలో పని చేసే అవ్వ ఒకామె నా అవస్థ చూసి, వెనక సందులో క్రైస్తవ మఠం సిస్టర్ల ఇల్లు ఉందని, రోగుల తాలూకు వాళ్ళను ఉండనిస్తారని చెప్పింది.

ఆ మాట చెబితే మా ఆయన ముఖం చిట్లించాడు. రేపు క్యాంపులో ఏమనుకుంటారని ఆయన బాధ. నాకూ లోపల బెరుగ్గానే ఉంది. కానీ ఇంకో దారి లేదు.

నీలం గేటు, లోపల ఒక బాదం చెట్టు, పొడుగాటి వరండా, వరండా పొడుగునా గదులు. ఒక చివర వంటిల్లు, రెండో చివర ప్రార్థన గది. గేటు దగ్గర కుండీలకు నీళ్ళు పోస్తున్న ముసలి సిస్టర్ నన్ను చూసి చెంబు కింద పెట్టింది. నేను మొదలుపెట్టిన కథంతా వినకుండానే, మనిషిని ఎప్పుడు తెస్తున్నావని అడిగింది. అద్దె ఎంతని అడిగాను.

"కిరాయి గిరాయి ఏం లేదమ్మా. బియ్యముంటే తెచ్చుకో, లేకుంటె మాతోని తిను. పొద్దుమీకి గంట కొడ్తం, అప్పుడు జర మెల్లగ మాట్లాడుండ్రి. లోపలికి రావాల్ననిపిస్తె రా, లేకుంటె లేదు."

ఆమె సొంత ఊరు కేరళలో ఎక్కడో ఉంది. వయసులో ఉండగానే మఠం తరఫున ఈ వైపు వచ్చి, తండాల్లో, పల్లెల్లో రోగులకు కట్లు కడుతూ తిరిగిందట. అవ్వల దగ్గర నేర్చుకున్న తెలుగు కావడంతో అచ్చం ఇక్కడివాళ్ళలాగే మాట్లాడేది. ఒకరోజు సిస్టర్‌నూ నన్నూ బజారుకు తీసుకెళ్తున్న ఆటో అన్న కాసేపు మా మాటలు విని, ఈ అక్కది ఏ ఊరని ఆమెను అడిగాడు. ఇక్కడే పుట్టిన నేను పరాయి ఊరిదాన్నయ్యాను, కేరళ ఆమె ఊరి మనిషైంది. ఆ రోజు దారి పొడవునా సిస్టర్ నవ్వుతూనే ఉంది.

ఆ ఇంట్లో అప్పుడు మాతో పాటు ఉన్నవాళ్ళలో నాకు బాగా గుర్తున్నది ఇద్దరు. ఒకామె మహమ్మద్ నగర్ అవతల తండా నుంచి వచ్చింది. ఆమె కూతురికి నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. పిల్లను దవాఖానలో గాజు పెట్టెలో ఉంచారు, తల్లి అక్కడే ఉంది. ఈమె రోజూ జొన్న రొట్టెలు కాల్చి కూతురికి తీసుకుపోయేది. మమ్మల్ని చూసిన మొదటి పూటే మాకూ రెండు రొట్టెలు పెట్టింది. నేను ఆమెను అక్కా అనేదాన్ని. రెండో మనిషి మద్నూర్ లారీ డ్రైవరు. తల్లి కాలి పుండు మానక దవాఖానలో ఉంటే, లారీ ఇంకొకరికి అప్పగించి వచ్చాడు. సగం తెలుగు, సగం మరాఠీ మాట్లాడేవాడు. వంట రాదు కానీ అందరి గిన్నెలూ తోమిపెట్టేవాడు. మేమంతా ఆయనను లారీ అన్న అనే పిలిచేవాళ్ళం.

మొదటి రెండు రోజులు సాయంత్రం గంట కొట్టినప్పుడు నేను వరండాలోనే కూర్చున్నాను. లోపల సిస్టర్లిద్దరూ జపమాల చెప్పేవాళ్ళు. ముసలి సిస్టర్ గొంతు ముందు, వెనక చిన్న సిస్టర్ గొంతు. తండా అక్క రోజూ లోపలికి వెళ్ళి గోడకు ఆనుకుని కూర్చునేది. మూడో రోజు నేనూ వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. నాకు ఆ జపాలు రావు. మా ఇంటి దేవుణ్ణే తలుచుకున్నాను. ఆయన దవాఖానలో చేరినప్పటి నుంచి ఆగకుండా పరుగులు పెడుతున్న మనసు ఆ గదిలో నెమ్మదించింది. ఎందుకో ఏడుపొచ్చింది. ఎవరూ ఓదార్చలేదు, ఎవరూ అడగలేదు. తండా అక్క తన కొంగు చివర నా చేతిలో పెట్టింది, అంతే. బయటికి వచ్చాక సిస్టర్ నన్ను ఉల్లిపాయలు కోయమంది.

నా సంగతి అలా ఉంటే, మా ఆయన సంగతి వేరు. ఆయన గోడ వైపు తిరిగి పడుకునేవాడు. వాకర్ పట్టుకుని నడవాలని వ్యాయామం చేయించే కుర్రాడు రోజూ వచ్చి బతిమాలేవాడు. నొప్పి అనేవాడు, రేపు అనేవాడు. ఆ వాకర్ మూలన నిలబడి తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి పనికొచ్చేది. ఒకరోజు మా మరిది ఫోన్ చేసి, యాసంగి పంటకు నారు పోయమంటావా అని అడిగాడు. నీ ఇష్టంరా అని ఈయన ఫోన్ నాకిచ్చేశాడు. పెళ్ళైనప్పటి నుంచి ఆ మనిషి నోట పొలం విషయంలో నీ ఇష్టం అనే మాట నేను వినలేదు. చాలాసేపటికి నా వైపు తిరగకుండానే, "ఇక నేను మడిలో దిగనేమోనే" అన్నాడు. నేను ఆయన పాదాలకు నూనె రాస్తూ కూర్చున్నాను.

డిసెంబర్ వచ్చింది. సిస్టర్లు క్రిస్మస్ పనుల్లో పడ్డారు. ప్రార్థన గది గుమ్మం పక్కన వరండా చివర పశువుల పాక కట్టి, అందులో మరియమ్మ, జోజప్ప, గొర్రెలు, దూడ బొమ్మలు పెడతారట. చుట్టూ పచ్చగా కనపడాలని ముసలి సిస్టర్ ఏటా పళ్ళేలలో గోధుమలు మొలకెత్తిస్తుందట. ఆ ఏడు ఆమె పెట్టిన గోధుమలకు బూజు పట్టింది. పళ్ళెం పట్టుకుని మా గది కిటికీ ముందు నిలబడి, వాసన చూసి మొహం పక్కకు తిప్పుకుంది.

లోపల మంచం మీద నుంచి మా ఆయన గొంతు వినిపించింది. "గోధుమలెందుకండీ, వరి నారు పోయండి. పాక చుట్టూ మడిలా ఉంటుంది."

సిస్టర్ కిటికీలోంచి తొంగి చూసింది. "నాకేం తెల్సు తమ్మీ, మా దిక్కు అన్ని రబ్బరు చెట్లే. నువ్వు పోసిస్తవా?"

ఆయన దిండుకు ఆనుకుని లేచి కూర్చున్నాడు. తర్వాత నన్ను పిలిచి, ఇంటి నుంచి విత్తన వడ్లు తెప్పించమన్నాడు.

వడ్లు వచ్చాయి. నానబెట్టి, గుడ్డలో మూట కట్టాం. ఆ వారం చలి ఎక్కువగా ఉండి వడ్లు మొలకెత్తలేదు. తీసి చూస్తే ముక్కు కూడా పగల్లేదు. నిన్నటిదాకా గోడ వైపు తిరిగి పడుకున్న మనిషి ఇప్పుడు గంటకోసారి మూట విప్పించి చూసేవాడు. చివరికి వేడినీళ్ళు చల్లించి, ఆ మూటను తన దుప్పట్లోనే కాళ్ళ మధ్య పెట్టుకుని పడుకున్నాడు. మర్నాడు పొద్దున సిస్టర్ టీ తెచ్చి, ఎట్లున్నవ్ అని అడిగితే, దుప్పటి తీసి మూట విప్పి చూపించాడు. తెల్లటి మొలకలు. సిస్టర్ ఆ మూటలో చేయి పెట్టి, "పురుడు మంచిగైందిపో" అంది. మా ఆయన నవ్వాడు. ట్రాలీ మీది నుంచి పడ్డాక అదే మొదటి నవ్వు.

ఆ నవ్వుతో ఇల్లంతా ఈ పనిలోకి దిగింది. నారు పోయాలంటే మడి కావాలి, మడికి నీళ్ళు కావాలి. చెంబుతో పోస్తే సరిపోయేది, కానీ మా ఆయన ఒప్పుకోలేదు. కాలువ కావాలన్నాడు. కాలువ ఉంటే డ్యామ్ ఉండాలన్నాడు లారీ అన్న. బయట ఎక్కడో ఇల్లు కడుతుంటే అడిగి మట్టి, నాలుగు ఇటుకలు, మేస్త్రీలు మట్టం చూసే సన్న పైపు తెచ్చాడు. వరండా చివరి నుంచి వంటింటి వైపు టార్పాలిన్ పరిచి మట్టి పోశారు. వంటింటి వైపు ఇటుకలతో నిజాంసాగర్ లేచింది. దాని నుంచి ఒక కాలువ, కాలువకు పిల్ల కాలువలు, డబ్బా రేకులతో తూములు. కాలువకు అడ్డంగా లారీ అన్న మద్నూర్ రోడ్డు వేసి, దాని మీద ఎర్ర బొమ్మ లారీ పెట్టాడు. వెనక మరాఠీలో ఏదో రాశాడు. ఏమిటని అడిగితే తల్లి పేరని చెప్పాడు.

తండా అక్క మొదట దూరం నుంచి చూసింది. ఒక పూట రొట్టెలు కాల్చి దవాఖానకు వెళ్ళొచ్చాక మట్టి ముందు కూర్చుని వేలంత గుడిసెలు చేయడం మొదలుపెట్టింది. కాలువ మీది వైపు, ఇటుకల పక్కన తండా వెలిసింది. తండాను బెత్లెహేములో పెట్టొచ్చా అని ఆమెకే అనుమానం వచ్చి సిస్టర్‌ను అడిగింది.

"అక్కా, యేసయ్యకు పెద్దింట్ల జాగ దొర్కలే. గసుంటి కాన్నే పుట్టిండు," అంది సిస్టర్.

తండా అక్క ఆ సాయంత్రం తన పాత ఓణీ ఒకటి కత్తిరించి, అద్దాలున్న ముక్కతో మరియమ్మ బొమ్మకు పైట కుట్టింది.

వారానికోసారి పూజ చేయడానికి వచ్చే ఫాదర్ ఆ వారం వచ్చి వరండాలో కాలు పెట్టే చోటు లేక గుమ్మంలోనే ఆగిపోయాడు. డ్యామ్‌ను, లారీని, తండాను చూసి, బెత్లెహేము ఎక్కడ సిస్టర్ అని అడిగాడు.

"గీ కాలువ చివర ఉంటది ఫాదర్. చివరి ఆయకట్టు," అంది సిస్టర్.

మంచాన్ని గుమ్మం దాకా లాగించుకుని పని చేయిస్తున్న మా ఆయన అది విని పకపకా నవ్వాడు. చివరి ఆయకట్టుకు నీళ్ళు అందడం ఎంత కష్టమో కాలువ కింద బతికిన వాళ్ళకే తెలుసు. పైవాళ్ళు తూములు మూయకపోతే చివరి మడి బీటలు వారుతుంది. బాల యేసు బీడు పొలంలో పుట్టాల్సిందేనని ఫాదర్‌తో అన్నాడు. ఫాదర్ కూడా నవ్వి, నీళ్ళు అందించే పూచీ మీదేనని చెప్పి వెళ్ళాడు.

చివరి మడికి నీళ్ళు అందవన్న మాట నిజమైంది. మర్నాడు మధ్యాహ్నం మొదటిసారి డ్యామ్ నింపి నీళ్ళు వదిలాం. లారీ రోడ్డు దాకా చక్కగా వచ్చాయి. అక్కడి నుంచి ముందుకు పోలేదు. వరండా ఆ చివర కొంచెం ఎత్తుగా ఉంది, పైపు ఉండి కూడా మట్టం చూడాలని మాకెవరికీ తట్టలేదు. నీళ్ళు వెనక్కి తిరిగి తండా గుడిసెల చుట్టూ చేరాయి. తండా అక్క గుడిసెలను చేతుల్లోకి ఎత్తుకుంది. లారీ అన్న పారతో ఒకచోట తవ్వాడు, సిస్టర్ ఇంకోచోట పూడ్చింది. మా ఆయన మంచం మీద నుంచి అక్కడ కాదు ఇక్కడ అంటున్నాడు. ఎవరికీ అర్థం కావడం లేదు. మొలకలు చల్లిన మడి పొడిగా ఉంది, ఎండ పడుతోంది.

నేను వంటింట్లో ఉన్నాను. చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. ఏమైందోనని బయటికి వచ్చాను. మా ఆయన వాకర్ మీది తువ్వాళ్ళు కింద పడేసి, దాన్ని పట్టుకుని లేచి నిలబడి ఉన్నాడు. పళ్ళు బిగబట్టాడు. ఒక అడుగు, ఆగడం, మళ్ళీ ఒక అడుగు. పట్టుకుందామని ముందుకు వెళ్ళబోతే సిస్టర్ నా మోచేయి పట్టుకుని ఆపింది. వరండా మధ్యదాకా వచ్చి, వంగలేక వాకర్ కాలితోనే మట్టి మీద గీత గీశాడు.

"లారీ అన్నా, రోడ్డు దగ్గర కట్ట ఎత్తు పెంచు. నీళ్ళు నిలబడనీ. నిండాక అవే పోతాయి."

లారీ అన్న తన మరాఠీలో "హో" అని ఇటుక పెట్టి మట్టి మెత్తాడు. అందరం చూస్తూ నిలబడ్డాం. నీళ్ళు మెల్లగా పెరిగి, అంచు దాటి, సన్నగా పాక వైపు కదిలాయి. మడిలోకి దిగి, మొలకల మీదుగా పాక గుమ్మం దాకా వెళ్ళాయి. అప్పటికి మా ఆయన నిలబడి ఎంతసేపైందో ఆయనకే తెలియదు. చొక్కా అంతా చెమటతో తడిసిపోయింది. ముఖంలో మాత్రం పొలం నుంచి ఇంటికొచ్చిన రోజుల్లో కనిపించే అలసట, సంతోషం ఉన్నాయి. మంచం దాకా మళ్ళీ నడిచే వచ్చాడు. పడుకున్నాక నా చేయి పట్టుకుని, "పొలానికీ దీనికీ తేడా ఏం లేదే, మట్టం తెలిస్తే చాలు," అన్నాడు. నొప్పి ఉందా అని అడిగితే ఉందన్నాడు, అయితే ఏమైందన్నట్టు.

ఆ తర్వాత వ్యాయామం కుర్రాడికి పని తగ్గింది. పొద్దున, సాయంత్రం నీళ్ళు పెట్టడానికి మా ఆయన తనంతట తానే లేచేవాడు. కాలువల మీద తూములు చూసే మనిషిని మా వైపు లష్కర్ అంటారు. సిస్టర్ ఆయనను లష్కర్ అని పిలవడం మొదలుపెట్టింది. పండుగ నాటికి మడి పచ్చగా, పాక బొమ్మల మోకాళ్ళ ఎత్తున లేచింది.

క్రిస్మస్ ముందు రోజు పొద్దున తండా అక్క మనవరాలిని దవాఖాన నుంచి పంపించారు. నేరుగా తండాకు పోతారనుకున్నాం. కానీ పండుగ చూసి పోదామని కూతురే అన్నదట. తల్లీబిడ్డలను ప్రార్థన గది పక్కన వెచ్చటి చోట కూర్చోబెట్టాం. పిల్ల పిడికిలంత ఉంది. దుప్పట్లో ముక్కు ఒక్కటే కనిపించేది. లారీ అన్న తల్లిని కూడా దవాఖానలో అడిగి కుర్చీ బండిలో తోసుకొచ్చాడు. ఆమె ఎర్ర లారీ వెనక రాసింది చదువుకుని, కొడుకు నెత్తిన ఒకటి మొట్టి, తర్వాత ఆ చేత్తోనే నిమిరింది.

సాయంత్రానికి సందంతా వరండాలోకి వచ్చింది. పూజకు వచ్చేవాళ్ళు కొద్దిమందే. మిగతావాళ్ళు నీళ్ళు పారే పశువుల పాక చూడడానికి వచ్చినవాళ్ళు. పక్కింటి ముస్లిం పిల్లలు లారీ దగ్గర నుంచి కదల్లేదు. మా మరిది, తోడికోడలు, క్యాంపు నుంచి ఇంకో రెండు కుటుంబాలు కారులో దిగారు. గేటు దగ్గర కాస్త తటపటాయించారు. లోపల మా ఆయన కొత్త పంచె కట్టుకుని, వాకర్ పట్టుకుని నిలబడి, ఎవరో ముసలాయనకు తూము ఎలా ఎత్తాలో చెబుతున్నాడు. మా మరిది వెళ్ళి అన్న పక్కన నిలబడ్డాడు. క్యాంపులో ఏమనుకుంటారోనన్న మాట మా ఇంట్లో మళ్ళీ రాలేదు.

పూజ ముగిసి చివరి పాట పాడుతున్నారు. అందరికీ బాగా కనపడాలని లారీ అన్న డ్యామ్ తూము పూర్తిగా ఎత్తేశాడు. నీళ్ళు ఉరికి వచ్చి రోడ్డు దగ్గర కట్టను ఒక పక్కన కోసేశాయి. "గండి పడింది," అన్నాడు మా ఆయన, రోజూ పడేదే అన్నంత మామూలుగా. గుమ్మం ముందు విడిచిన చెప్పులన్నీ తేలాయి. ఫాదర్ తెల్ల అంగీ మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకున్నాడు, పాట మాత్రం ఆపలేదు. సిస్టర్ చీపురుతో నీళ్ళు తోస్తూ పాడుతోంది, నవ్వుతో ఆమె గొంతు అందడం లేదు. ఆ సందడికి చంటిపిల్ల నిద్రలేచి ఏడిచింది. అంత చిన్న ప్రాణానికి అంత గొంతు ఎక్కడిదో. ఆ ఏడుపు విని తండా అక్క కళ్ళు తుడుచుకోవడం చూశాను. గాజు పెట్టెలో ఉన్నన్నాళ్ళూ ఆ పిల్ల అలా గట్టిగా ఏడవలేదట.

సంక్రాంతి దాటాక మేం ఊరికి వచ్చేశాం. ఆ యాసంగి దమ్ము, నాట్లు మా మరిదే చేయించాడు. మా ఆయన గట్టు మీద కుర్చీ వేసుకుని అరుస్తూ ఉండేవాడు. వరి వెన్ను తీసే వేళకు చేతికర్రతో, నా భుజం పట్టుకుని మడిలో దిగాడు.

ఆ వారమే ముసలి సిస్టర్‌ను భోజనానికి పిలిచాం. అన్నేళ్ళు అందరికీ పెట్టిన మనిషి మా ఇంటి గుమ్మంలో కొత్త పెళ్ళికూతురిలా మొహమాటపడింది. ముందు పొలం చూస్తానంది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, గట్టు మీద చెప్పులు వదిలి, చీలమండల దాకా బురదలో దిగి, వెన్ను చేతుల్లోకి తీసుకుని చూసింది. మా ఆయన ఆమెకు తూములు, పిల్ల కాలువలు చూపిస్తూ వచ్చే క్రిస్మస్‌కు ఎత్తిపోతల పథకం కూడా పెట్టాలంటున్నాడు. ముందు ఈ బురదలోంచి తనను ఎత్తిపోయమంది ఆమె.

ఇంటికొచ్చాక గోంగూర పచ్చడి, ముద్దపప్పు, నెయ్యి వేసి వడ్డించాం. క్యాంపు ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. మా తోడికోడలు ఆమె మాట వింటూ వింటూ ఉండబట్టలేక, ఈ భాష ఎక్కడ నేర్చుకున్నారండీ అని అడిగింది.

సిస్టర్ ముద్ద మింగి, మమ్మల్నందరినీ ఒకసారి చూసింది. "గది నేనే మిమ్ముల అడగాల్ననుకుంటున్న. గిన్నేండ్లాయె, మీకింక రాకపాయె ఏందమ్మా?"

మేం నవ్వుతుండగానే ఆమె విస్తరి నా వైపు జరిపి, ఇంకొంచెం అన్నం పెట్టమంది.